కుక్కలకి సీబీడీ నూనె: అవే 5 చుక్కలు ఒకదానికి పనిచేసి ఇంకోదానికి ఎందుకు పనిచేయలేదు?

లాబ్రడార్ ఇల్లు (ప్రశ్న):

మా లాబ్రడార్‌కి 11 ఏళ్లు, బరువు 32 కిలోలు. వెనక తుంటి కీళ్లు రెండూ అరిగాయని ఎక్స్‌రేలో తేలింది. డాక్టర్ రాసిన నొప్పి మందు మెలాక్సికామ్ నడుస్తోంది. దానికి తోడుగా ఆరు వారాల నుంచి సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసే పదార్థం) నూనె ఇస్తున్నాం. పూటకి 5 చుక్కలు, రోజుకి రెండు పూటలు, పెరుగన్నంలో కలిపి. సీసా 30 మి.లీ., ముందువైపు పెద్ద అక్షరాల్లో 500 మి.గ్రా. అని ఉంది. పొద్దున్నే లేవడానికి పడే అవస్థలో గానీ, మెట్ల దగ్గర ఆగిపోవడంలో గానీ ఏమీ తేడా లేదు.

అదే కంపెనీ సీసా, అవే 5 చుక్కలు, పక్క ఫ్లాట్‌లో 4 కిలోల పొమరేనియన్‌కి వేస్తే రెండు వారాల్లో మళ్లీ సోఫా ఎక్కుతోందట. కుక్కల మీద ఈ నూనెని నిజంగా పరీక్షించారా? పరీక్షిస్తే ఒకచోట పనిచేసిందనీ ఇంకోచోట లేదనీ ఎందుకు వస్తోంది? చుక్కలు పెంచి చూడొచ్చా?

సిరంజి లెక్క:

ముందు చుక్కల్ని వదిలేసి మిల్లీగ్రాముల్లోకి రండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే ఉంది.

30 మి.లీ.లో 500 మి.గ్రా. అంటే మి.లీ.కి 16.7 మి.గ్రా. 20 చుక్కలు ఒక మి.లీ. అనే పాత లెక్క నీళ్లది. నూనెకి తలతన్యత తక్కువ కాబట్టి చుక్క చిన్నగా ఉండగానే రాలిపోతుంది, మి.లీ.కి 25 నుంచి 30 దాకా పడతాయి. 25 అనుకుందాం. చుక్కకి 0.67 మి.గ్రా., ఐదు చుక్కలకి 3.3 మి.గ్రా. దీన్ని 32 కిలోలతో భాగిస్తే కిలోకి 0.1 మి.గ్రా. అదే 3.3ని 4 కిలోలతో భాగిస్తే కిలోకి 0.83. రెండు ఇళ్లలోనూ 5 చుక్కలే, కానీ పొమరేనియన్‌కి అందింది మీ లాబ్‌కి అందినదానికి ఎనిమిది రెట్లు.

ఇప్పుడు పరీక్షల్లో ఎంత ఇచ్చారో చూడండి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2018లో కీళ్ల అరుగుదల ఉన్న కుక్కలకి కిలోకి 2 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి, నాలుగు వారాలు ఇచ్చారు. ప్రతి కుక్కకీ ఒక విడత అసలు నూనె, ఒక విడత సీబీడీ కలపని ఉత్త నూనె. ఎప్పుడు ఏది వెళ్తోందో యజమానికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. చివరిదాకా నిలిచినవి 16 కుక్కలు. అసలు నూనె తాగిన విడతలో నొప్పి మార్కులు తగ్గాయి, చురుకుదనం పెరిగింది. మీరు ఇస్తున్నది ఆ మోతాదులో ఇరవయ్యో వంతు. మీ ఆరు వారాలూ నూనె పనిచేస్తుందా లేదా అన్న పరీక్ష అసలు మొదలే కాలేదు.

ఆ మోతాదు మీ సీసాతో ఇవ్వాలంటే పూటకి 64 మి.గ్రా., అంటే 3.8 మి.లీ. రోజుకి 7.7 మి.లీ. సీసా నాలుగో రోజుకి ఖాళీ. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ధర చూసి మోతాదు కోసేసి, తర్వాత నూనె పనిచేయలేదంటారు. పెద్ద కుక్కకి మి.లీ.కి 50 మి.గ్రా. ఉన్న సీసా అయితేనే గిట్టుబాటు. అప్పుడు పూటకి 1.3 మి.లీ. చాలు.

కొలవడానికి డ్రాపర్ వద్దు. వంచి పట్టుకుంటే చుక్క ఒక సైజు, నిలువుగా పట్టుకుంటే ఇంకో సైజు. మందుల షాపులో సూది లేని 1 మి.లీ. సిరంజి అడగండి, వందో వంతు గీతలు ఉండేది. ఇన్సులిన్ సిరంజి ఇస్తే మాత్రం గీతలు చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎర్ర మూత దానిలో 40 గీతలంటే 1 మి.లీ., నారింజ మూత దానిలో 100 గీతలు. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే మోతాదు రెండున్నర రెట్లు తేడా కొడుతుంది.

ఇంకో మాట. నూనె పెరుగన్నంలో కలుపుతున్నామన్నారు. కుక్క తిన్నాక స్టీలు గిన్నె అంచుని వేలితో తుడిచి చూడండి, జిడ్డు తగులుతుంది. ఐదు చుక్కల్లో కొంత అక్కడే ఉండిపోతుంది.

ల్యాబ్ రిపోర్ట్:

పైన చెప్పిన లెక్క సరైనదే. కాకపోతే ఆ 500 మి.గ్రా. మొత్తం సీబీడీయే అయితేనే. మోతాదు పెంచే ముందు సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదివి ఇక్కడ రాయండి. మన దేశంలో ‘హెంప్’ (గంజాయి జాతి మొక్క) అనే మాట కింద మూడు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు.

మొదటిది గింజల నూనె. 2021 నవంబరులో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజల్నీ, గింజల నూనెనీ ఆహారంగా అనుమతించింది. అందులో సీబీడీ కిలోకి 75 మి.గ్రా. మించకూడదని పరిమితి కూడా పెట్టింది. 30 మి.లీ. నూనె బరువు దాదాపు 28 గ్రాములు. సీసా మొత్తం తాగించినా దాదాపు 2 మి.గ్రా.లకి మించి సీబీడీ ఉండదు. ఒమేగా కొవ్వులకి అది మంచి నూనే, కీళ్ల నొప్పికి దాని నుంచి సీబీడీ ఆశించడం దండగ. రెండోది ఆకు సారం, ఆయుర్వేద లైసెన్సు మీద ‘విజయ’ (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) పేరుతో వచ్చేది. మూడోది సీబీడీని విడదీసి శుద్ధి చేసి నూనెలో కరిగించినది.

ఆకు సారం దగ్గరే అసలు చిక్కు. సారం 500 మి.గ్రా. అంటే సీబీడీ 500 మి.గ్రా. అని కాదు. సారంలో సీబీడీ ఉంటుంది, మత్తెక్కించే టీహెచ్‌సీ ఉంటుంది, మైనం, పత్రహరితం, ఇంకా ఏవేవో ఉంటాయి. ఏది ఎంతో ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రమే చెప్పాలి. పత్రం అడిగితే కంపెనీ వాళ్లు పంపాలి. వచ్చాక చూడాల్సినవి ఇవి: పత్రం మీది బ్యాచ్ నంబరూ సీసా మీది నంబరూ ఒకటేనా, పరీక్ష వేడి చేయకుండా విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేశారా, సీబీడీ, దాని పచ్చి రూపం సీబీడీఏ, టీహెచ్‌సీ, దాని పచ్చి రూపం టీహెచ్‌సీఏ నాలుగూ విడివిడిగా ఇచ్చారా, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం చూశారా. గంజాయి జాతి మొక్క నేలలోని లోహాల్ని బాగా పీల్చుకుంటుంది, అందుకే ఆఖరిది తప్పనిసరి.

హెచ్‌పీఎల్‌సీ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, గ్యాస్ క్రొమటోగ్రఫీలో యంత్రం వేడికి సీబీడీఏ కూడా సీబీడీగా మారిపోయి రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి. ఈ రెండూ కుక్క ఒంట్లో ఒకేలా ఎక్కవు, సీబీడీఏ కాస్త మెరుగ్గానే ఎక్కుతుంది. కార్నెల్ వాళ్లు వాడిన నూనెలో మి.లీ.కి ఉన్న 10 మి.గ్రా.లలో సీబీడీ సగం, సీబీడీఏ సగం. కాబట్టి ఆ ఫలితాన్ని చూపించి శుద్ధి చేసిన ఉత్త సీబీడీని అమ్మేవాళ్లు ఒక సరుకు ఫలితాన్ని ఇంకో సరుకుకి అతికిస్తున్నట్టే. పత్రంలో ‘మొత్తం సీబీడీ’ అని ఉంటే అది సీబీడీఏని 0.877తో గుణించి సీబీడీకి కలిపిన అంకె.

నియంత్రణ గట్టిగా ఉన్నచోట పరిస్థితి బాగుంటుందనుకోకండి. అమెరికాలో పెంపుడు జంతువులకని అమ్మే 29 సరుకుల్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. రెండింటిలో కొలవదగినంత మందే లేదు. మిగిలిన 27లో లేబుల్ చెప్పినదానికి 10 శాతం అటూ ఇటుగా ఉన్నవి పదే. నాలుగింటిలో భారలోహాలు దొరికాయి, ఎక్కువగా సీసం.

లాబ్రడార్ ఇల్లు:

వెనక చూశాను. ‘విజయ పత్ర సారం 500 మి.గ్రా., నువ్వుల నూనె తగినంత’ అని ఉంది. సీబీడీ ఎంతో, టీహెచ్‌సీ ఎంతో లేదు. బ్యాచ్ నంబరు ఉంది. ‘వైద్య పర్యవేక్షణలో వాడవలెను’ అని కూడా ఉంది. మరి పూటకి 3.8 మి.లీ. ఇవ్వొచ్చా?

ల్యాబ్ రిపోర్ట్:

వద్దు. పత్రం చేతికొచ్చేదాకా ఒక్క చుక్క కూడా పెంచకండి.

ఉదాహరణకి ఆ సారంలో సీబీడీ, టీహెచ్‌సీ సమానంగా ఉన్నాయనుకోండి. అలాంటి సరుకులు ఉన్నాయి, లేబుల్ మీద 1:1 అని రాస్తారు. దానితో కిలోకి 2 మి.గ్రా. సీబీడీ ఎక్కించాలని చూస్తే కిలోకి 2 మి.గ్రా. టీహెచ్‌సీ కూడా వెంట వెళ్తుంది. మీ లాబ్‌కి పూటకి 64 మి.గ్రా. టీహెచ్‌సీ అంటే కాళ్లు తేలిపోయి పడిపోవడానికి చాలు. కార్నెల్ నూనెలో టీహెచ్‌సీ మి.లీ.కి 0.24 మి.గ్రా. మాత్రమే ఉంది. అదే 64 మి.గ్రా. మోతాదు ఆ నూనెతో ఇస్తే వెంట వెళ్లే టీహెచ్‌సీ ఒకటిన్నర మి.గ్రా. తేడా నలభై రెట్లు.

పొమరేనియన్ సంగతి కూడా ఇప్పుడు మళ్లీ ఆలోచించాలి. దానికి ఎక్కింది సీబీడీయో, టీహెచ్‌సీయో, రెండూనో ఆ లేబుల్‌ని బట్టి ఎవరూ చెప్పలేరు. పక్కింటివాళ్లకి కూడా ఈ మాట చెప్పండి. చిన్న కుక్క కాబట్టి ప్రమాదం వాళ్లకే దగ్గర.

పశువైద్యం:

టీహెచ్‌సీ ఎక్కువైన కుక్క ఎలా ఉంటుందో ముందు చెప్తాను, ఇది తెలియకుండా ఎవరూ సీసా మూత తీయకూడదు. కుక్క చిన్నమెదడులో ఈ మందు పట్టుకునే గ్రాహకాలు చాలా ఎక్కువ, అందుకే మనిషి కంటే తొందరగా తూలుతుంది. నిలబెడితే ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాళ్లు వెడల్పుగా పెడుతుంది. తెలియకుండానే మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది. ముఖం దగ్గర చెయ్యి ఆడిస్తే కొట్టబోతున్నట్టు ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంటుంది. తూలడం, మూత్రం కారడం, ఉలికిపాటు మూడూ కలిసి కనిపిస్తే ఆసుపత్రికి తీసుకురండి, ఇచ్చింది ఏమిటో దాచకుండా చెప్పండి. పోలీసు కేసవుతుందేమోనని చాలామంది దాస్తారు. అప్పుడు మేం విషం కోసం, మెదడు జబ్బు కోసం వెతుకుతూ గంటలు పోగొట్టుకుంటాం. అప్పటికే తూలుతున్న కుక్కకి ఇంట్లో ఉప్పు నీళ్లు పట్టి వాంతి చేయించకండి. మింగే పట్టు తప్పి ఉంటుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఫలితాలు ఎందుకు మారుతున్నాయని. మోతాదు, సరుకు సంగతి పైన ఇద్దరూ చెప్పారు. ఆ రెండూ సరిగ్గా ఉన్నా మారతాయి.

ఒకటి పేగు, లివర్. 1988లోనే ఆరు కుక్కలకి నోటి ద్వారా 180 మి.గ్రా. సీబీడీ ఇచ్చి రక్తం చూశారు. మూడింటి రక్తంలో మందు జాడే లేదు. మిగిలిన మూడింటిలో 13 నుంచి 19 శాతం చేరింది. సీబీడీ నీళ్లలో కరగదు, కొవ్వుతో కలిసి వెళ్తేనే ఎక్కుతుంది. ఎక్కినదాన్నీ లివర్ మొదటి చుట్టులోనే చాలావరకు విరిచేస్తుంది. మనుషుల సీబీడీ మందు విషయంలో బాగా కొవ్వున్న భోజనంతో వేసుకుంటే ఒంటికి పట్టేది నాలుగు రెట్లు పెరుగుతుందని ఆ మందు వివరపత్రంలోనే ఉంది. కాబట్టి ఒకరోజు ఖాళీ కడుపున, ఒకరోజు మాంసంతో, ఒకరోజు పల్చటి మజ్జిగన్నంతో ఇస్తే ఒకే కుక్కలో మూడు రకాల మోతాదు ఇచ్చినట్టే. ఉడికించిన గుడ్డు పచ్చసొన ఒకటి తీసుకుని, దానిలో వేలితో గుంట చేసి, నూనె అందులో పోసి, ముద్దలా నోట్లో పెట్టండి. పచ్చసొనలో నాలుగైదు గ్రాముల కొవ్వు ఉంటుంది, గిన్నెకి ఏమీ అంటదు. పాంక్రియాస్ వాపు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి మాత్రం ఇలా చేయకండి. కార్నెల్ కొలతల్లో ఈ మందు సగం తగ్గడానికి నాలుగు గంటలే పట్టింది. అందుకే రోజుకి ఒక్కపూట ఇస్తే రోజు రెండో సగంలో కుక్క ఒంట్లో కొద్దిగానే మిగులుతుంది.

రెండోది మన కళ్లు. కీళ్ల నొప్పి రోజూ ఒకేలా ఉండదు. మందు మొదలుపెట్టేది ఎప్పుడూ బాగా బాధపడుతున్న రోజునే. ఆ తర్వాత ఏమీ ఇవ్వకపోయినా కొంత తేరుకుంటుంది. దానికి మన ఆశ తోడవుతుంది. కీళ్ల నొప్పికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన కుక్కల్ని చూసి యజమానులే కాదు, డాక్టర్లు కూడా కుంటు తగ్గిందని మార్కులు వేసిన పరీక్ష ఉంది. నేల మీద పాదం మోపే బరువుని కొలిచే ఫోర్స్ ప్లేట్ మాత్రం ఏమీ మారలేదంది. మూర్ఛలోనూ అంతే. మూడు మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మందు తీసుకున్న 28 కుక్కల్ని కలిపి 2010లో లెక్కేస్తే 79 శాతంలో ఫిట్స్ తగ్గినట్టు తేలింది. 29 శాతంలోనైతే సగానికి సగం తగ్గాయి.

అందుకే ఉత్త నూనెతో పోల్చని ఏ ఫలితాన్నీ నేను లెక్కలోకి తీసుకోను. పోల్చిన పరీక్షలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కిలోకి 2.5 మి.గ్రా. రెండు పూటలా ఆరు వారాలు, కీళ్ల అరుగుదల ఉన్న 23 కుక్కల్లో చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితంలో ఉత్త నూనెకీ దీనికీ తేడా కనిపించలేదు. కార్నెల్ కంటే మోతాదు కాస్త ఎక్కువే, అయినా తేలలేదు. రెండూ చిన్న పరీక్షలే. కొన్ని కుక్కలకి కొంత ఉపశమనం ఇస్తుంది, చాలావాటికి నొప్పి మాత్ర స్థానాన్ని తీసుకోలేదు అన్నదే నా అభిప్రాయం. కార్నెల్ పరీక్షలో కూడా అంతకుముందు వాడుతున్న నొప్పి మాత్రల్ని ఆపలేదు, వాటి పైన ఇది ఇచ్చారు.

మీ లాబ్‌కి పద్ధతిగా చేయాలంటే ఇలా చేయండి. టీహెచ్‌సీ దాదాపు లేదని పత్రం ఉన్న సరుకు దొరికితేనే మొదలుపెట్టాలి. ముందు రక్తపరీక్ష చేయించండి, లివర్ కోసం ఏఎల్‌టీ, ఏఎల్‌పీ, కిడ్నీల కోసం క్రియాటినిన్. కార్నెల్‌లో నాలుగో వారానికే ఏఎల్‌పీ పెరిగింది, కొలరాడోలోనూ లివర్ ఎంజైములు పెరిగాయి. మెలాక్సికామ్ కూడా నడుస్తోంది కాబట్టి మొదటి అంకె చేతిలో లేకపోతే తర్వాత పెరిగింది దేని వల్లో ఎవరికీ అర్థం కాదు. తర్వాత వారం రోజులు నూనె లేకుండా ఉత్తగా రాసుకోండి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన నొప్పి పట్టిక ఒకటి ఉంది. నొప్పి ఎంత అన్నదానికి నాలుగు ప్రశ్నలు, నడక, లేవడం, మెట్లెక్కడం వంటి పనులకి ఎంత అడ్డు పడుతోందన్నదానికి ఆరు. ప్రతిదానికీ 0 నుంచి 10 మార్కులు. నొప్పి సగటు కనీసం 1, అడ్డంకి సగటు కనీసం 2 తగ్గితేనే మందు పనిచేసినట్టు. అంతకంటే తక్కువ తేడా రోజువారీ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది.

నూనె కిలోకి 0.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, నాలుగు రోజులకోసారి కాస్త పెంచుకుంటూ, రెండు వారాల్లో 2కి చేర్చండి. విరేచనాలు పట్టుకుంటే వెనక్కి తగ్గండి. నూనె ఎక్కువైనా అవుతాయి, అందులోనూ కొబ్బరి నుంచి తీసిన ఎంసీటీ నూనెలో కలిపిన సరుకులతో ఎక్కువ. పూర్తి మోతాదు మీద నాలుగు వారాలు ఉంచి మళ్లీ రక్తం, మళ్లీ పట్టిక. ఏఎల్‌పీ ఒక్కటే కొద్దిగా పెరిగితే గమనిస్తూ ఉండొచ్చు, ఏఎల్‌టీ కూడా లేస్తే ఆపేయాలి. బాగుందనిపిస్తే రెండు వారాలు ఆపి చూడండి. ఆపినప్పుడు మళ్లీ కుంటి, మొదలుపెట్టినప్పుడు మళ్లీ తేరుకుంటే అప్పుడు నమ్మొచ్చు. మార్కులు వేసే మనిషికి ఏ వారం నూనె వేశారో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో ఒకరు వేయండి, ఇంకొకరు రాయండి.

ఫోన్‌లో వీడియో కూడా తీయండి. అదే చోట, అదే వేళకి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. వెనక నుంచి తీసిన దానిలో తోక మొదలు చూడండి. నొప్పి ఉన్న కాలు మోపినప్పుడు తుంటి ఎగిరిపడుతుంది. కంటికి అందని తేడా అక్కడ దొరుకుతుంది.

ఈ లోపల డబ్బు ఎక్కడ పెడితే గ్యారంటీగా ఫలితం వస్తుందో అడిగితే, బరువు దగ్గర అంటాను. లావున్న కుక్కల్లో ఒంటి బరువు 6 శాతం తగ్గేసరికే కుంటు తగ్గినట్టు పరీక్షల్లో కొలిచారు. మీ లాబ్ లావుగా ఉంటే 32 కిలోల్లో 2 కిలోలు దించడమంతే. మన ఇళ్లలో నున్నటి టైల్స్ మీద అరిగిన తుంటితో లేవడం కుక్కకి నరకం. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా రబ్బరు చాప పరవండి, గోళ్లు కత్తిరించండి. మెలాక్సికామ్ ఆపకండి. దానికి తోడు ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ పొరపాటున కూడా వేయకండి, కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది.

డాలస్ తెలుగు:

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ పెట్ షాపులో సీసాలు వరసలు వరసలుగా ఉంటాయి కాబట్టి ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందే అనుకుంటారు. జంతువులకని ఎఫ్‌డీఏ ఆమోదించిన సీబీడీ మందు ఒక్కటీ లేదు. జబ్బు నయం చేస్తుందని రాసిన కంపెనీలకి హెచ్చరిక లేఖలు కూడా వెళ్లాయి. మనుషుల గమ్మీలు, రుచి కలిపిన నూనెలు కుక్కకి పెట్టకండి. వాటిలో జైలిటాల్ అనే తీపి ఉండొచ్చు, దానికి బర్చ్ షుగర్ అని ఇంకో పేరు. కొద్దిగా తిన్నా కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, ఎక్కువైతే లివర్ పాడవుతుంది. చాక్లెట్, ఎండుద్రాక్ష ఉన్నవీ అంతే ప్రమాదం.

బిస్కెట్లు, ఒంటికి రాసే క్రీములు కొనేముందు ఇది గుర్తుంచుకోండి. కొలరాడో వాళ్లు 2018లో నూనె, గుళికలు, చెవికి రాసే క్రీము మూడింటినీ పోల్చి రక్తం చూశారు. నూనే బాగా ఎక్కింది, క్రీము వెనకబడింది. నాలుక కింద ఉంచమని సీసా మీద రాసేది మనుషులకి. కుక్క అలా ఉంచుకోదు, చప్పరించి మింగేస్తుంది.

ఇండియాలో అమ్మానాన్నల కుక్క కోసం సూట్‌కేసులో సీసా పట్టుకెళ్లే ఆలోచన మానుకోండి. ఇక్కడ 2018 చట్టం ప్రకారం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్నది హెంప్ కింద అమ్ముడుపోతూ వచ్చింది. అక్కడ ఎయిర్‌పోర్టులో అదే సీసా మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి రావచ్చు. ఆ చట్టం వదిలిపెట్టింది ఆకునీ గింజనీ, పూల కొసల నుంచి తీసిన సారాన్ని కాదు. ఇక్కడి సీసాల్లో ఎక్కువ భాగం పూల నుంచి తీసినవే.

దీపావళి భయం:

ఇదే చర్చలో అడుగుతున్నాను, మన్నించండి. కీళ్ల నొప్పి కాదు, టపాసుల భయం. 14 కిలోల ఇండీ కుక్క, దీపావళి మూడు రోజులూ మంచం కింద నుంచి రాదు, నీళ్లు కూడా తాగదు. సాయంత్రం ఒక మోతాదు సీబీడీ వేస్తే సరిపోతుందా?

పశువైద్యం:

టపాసుల విషయంలో దీని మీద ఆధారపడకండి. 2020లో వచ్చిన ఒక పరీక్షలో రోజుకి కిలోకి 1.4 మి.గ్రా. చొప్పున సీబీడీ బిస్కెట్లు పెట్టి, టపాసుల శబ్దం రికార్డింగు వినిపించారు. భయం తగ్గలేదు. అదే పరీక్షలో ఆందోళన తగ్గించే ట్రాజొడోన్ మందు కూడా ఇచ్చి చూశారు, దానితో కొంత ఫలితం కనిపించింది. 2023లో ఇంకో పరీక్షలో కిలోకి 4 మి.గ్రా. ఒకే మోతాదుగా, రెండు గంటల ముందు ఇచ్చి, కుక్కని ఒంటరిగా వదిలినప్పుడూ కారులో తిప్పినప్పుడూ చూశారు. ఒత్తిడి కొంత తగ్గింది. కారు ప్రయాణం వేరు, నాలుగు వైపులా పేలే లక్ష్మీ బాంబు వేరు.

మీ కుక్కకి ట్రాజొడోన్ గానీ గాబాపెంటిన్ గానీ మీ డాక్టరు బరువు చూసి రాస్తారు. పండక్కి రెండు వారాల ముందే వెళ్లండి. రాసింది మొదటిసారి టపాసులు లేని ఒక మామూలు సాయంత్రం వేసి, ఎంతసేపటికి మత్తు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, తూలుతోందా అన్నది గడియారం పెట్టి రాసుకోండి. అసలు రోజున చీకటి పడి మొదటి టపాసు పేలాక వేస్తే ఆలస్యమైనట్టే. భయం ఒకసారి పట్టుకున్నాక మందు సరిగా పట్టదు. మంచం కింద నుంచి లాగకండి. అది ఎంచుకున్న చోటే దుప్పటి పరిచి, నీళ్ల గిన్నె మూతికి అందేంత దగ్గరగా జరపండి. కిటికీలు మూసి ఫ్యాను పెద్దగా పెట్టండి. మూత్రానికి సూర్యాస్తమయానికి ముందే, గొలుసు కట్టి బయటికి తీసుకెళ్లండి. దీపావళి రాత్రి బయటికి తీసుకెళ్లినప్పుడు కుక్కలు బెదిరి చేతిలోంచి జారి తప్పిపోతాయి.

లాబ్రడార్ ఇల్లు:

నూనె ఆపేశాం. కంపెనీకి బ్యాచ్ నంబరు పెట్టి పత్రం అడిగాను. సిరంజి తెచ్చి మా డ్రాపర్‌తో 1 మి.లీ. నింపి చూస్తే 28 చుక్కలు పట్టింది. అంటే ఇన్నాళ్లూ పూటకి 3 మి.గ్రా. సారం కూడా వెళ్లలేదు. పక్కింటివాళ్లతో మాట్లాడాను. పొమరేనియన్ నూనె వేసిన గంటకి నడుస్తూ పక్కకి ఒరుగుతోందని, రాత్రి పరుపు రెండు సార్లు తడిసిందని, ముసలితనం అనుకున్నామని చెప్పారు. ఇది మీరు చెప్పిన లక్షణమేనా?

పశువైద్యం:

అవును, అదే అనుమానించాలి. ఈ రాత్రి మోతాదు వేయొద్దని ఇప్పుడే చెప్పండి. రేపు పొద్దున సీసాతో సహా కుక్కని వాళ్ల డాక్టరుకి చూపించమనండి. నూనె ఆపాక రెండు మూడు రోజుల్లో ఒరగడం, తడపడం రెండూ తగ్గిపోతే కారణం సీసాలోనే ఉన్నట్టు. తగ్గకపోతే మూత్ర పరీక్ష, వెన్ను ఎక్స్‌రే చేయించాలి. ఈ రాత్రికి సోఫా ఎక్కనివ్వకుండా కింద పడుకోబెట్టమనండి. తూలే కుక్క దూకితే కాలు విరుగుతుంది.